తలుపు కొట్టనివ్వని బాబాయి

గంటల బాబాయి ఇంటి తలుపును ఇంతవరకూ ఎవరూ కొట్టలేదు. అలాగని ఆ ఇంటికి ఎవరూ రారని కాదు. రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. కొట్టే అవకాశం ఆయన ఇవ్వడు, అంతే. మీరు వేళ్లు ముడిచి చెయ్యెత్తేసరికి తలుపు లోపలికి వెళ్లిపోతుంది, దాని స్థానంలో బాబాయి నవ్వుతూ నిలబడి ఉంటాడు. కొత్తగా వచ్చినవాళ్లలో సగం మంది ఎత్తిన చెయ్యి ఆపుకోలేక ఆయన ఛాతీ మీద రెండు దెబ్బలు వేసి, నాలిక కరుచుకుని, వచ్చిన పనేమిటో మర్చిపోతారు.

ఇందులో మంత్రమూ మాయా ఏమీ లేవు. గేటు స్తంభానికి సబ్బుబిళ్లంత తెల్లటి పెట్టె ఒకటి బిగించి ఉంటుంది. దాని ముందు నుంచి మనిషి నడిచాడంటే చాలు, వైరూ గియిరూ ఏమీ లేకుండానే బాబాయి చొక్కా జేబులో ఉన్న ఇంకో పెట్టె మోగుతుంది. వైర్‌లెస్ అలారం అంటారు దాన్ని. మామూలు మనుషులు ఇంటికొకటి పెట్టుకుని ఊరుకుంటారు. బాబాయి ఊరుకోలేదు. గేటుకి పిచ్చుక కూత, ముందు మెట్టుకి టింగ్ టాంగ్, పెరటి గుమ్మానికి కుక్క అరుపు, మేడ తలుపుకి రైలు కూత పెట్టించాడు. పిన్ని బట్టలు ఆరేయడానికి మేడెక్కినప్పుడల్లా కింద హాల్లోకి రైలొచ్చి ఆగేది.

ఆయనకి దొంగల భయమని వీధిలో కొందరు అనేవారు. భయమూ కాదు, పాడూ కాదు, ఎవరింటికి ఎవరొస్తున్నారో తెలియకపోతే ఆయనకి తిన్నది అరగదని మిగిలినవాళ్లు అనేవారు. ఈ రెండో మాటే ఎక్కువ మందికి నచ్చింది. ఇతరుల గురించి మనకు నచ్చే మాటలు సాధారణంగా ఇలాంటివే.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బాబాయి ఇంటింటికీ తిరిగి ప్రెషర్ కుక్కర్లు అమ్మాడు. ఉద్యోగం పోయినా ఆ నాలిక పోలేదు. చేతిలో ఏ వస్తువున్నా "చూడమ్మా, దీని ప్రత్యేకత ఏమిటంటే" అని ఎత్తుకునేవాడు. అలా ఎత్తుకున్నాక దించడం ఎవరి తరమూ కాదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని మళ్లీ గేటు బయటికి పంపి, మళ్లీ లోపలికి నడిపించి, పిచ్చుక కూశాక గానీ మంచినీళ్లు ఇచ్చేవాడు కాదు.

కరెంటు మీటరు చూడటానికి వచ్చే ఆయన ఈ బాధ పడలేక ఒకసారి పెరటి గోడ దూకాడు. కుక్క అరిచింది. మనిషి హడలిపోయి గోడకి అతుక్కుపోయాడు. అప్పటికే బాబాయి కుర్చీ వేసి, టీ కప్పు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మీటరు మీద అంకె ఎంతుందో ఆ వచ్చినాయనకి గుర్తుందో లేదో గానీ, కుక్క అరుపు ఎంత దూరం నుంచి వినబడుతుందో మాత్రం ఇప్పటికీ చెప్పగలడు.

పక్కింటి పిల్లిది మరీ పాపం. గేటు దగ్గర అది అడుగు వేసిందో లేదో, హాలు కిటికీలో పెట్టిన ఇంకో పెట్టె పిచ్చుకలా కూసేది. పిల్లి చెవులు రిక్కించి అటు కదిలేది. కదిలితే మళ్లీ కూసేది. పిల్లి కదిలితే పిచ్చుక కూయడం, పిచ్చుక కూస్తే పిల్లి కదలడం, ఇలా మధ్యాహ్నమంతా సాగేది. ఆ ఇంట్లో కునుకు తీయడమన్నది పిన్ని ఏనాడో మర్చిపోయింది.

పైవాటాలోకి అద్దెకు దిగిన టైలరమ్మ కూడా మొదటిరోజు బాబాయిని కొట్టింది. ఇల్లు చూద్దామని వచ్చి, చెయ్యెత్తి, ఆయన ఛాతీ మీద టకటకమని రెండు వేసి, సిగ్గుతో చచ్చిపోయింది. ఆయన ఛాతీ నిమురుకుంటూ, చేతిలో మంచి బలముంది, ఏం పని చేస్తావమ్మా అని అడిగాడు. ఇంట్లోనే బట్టలు కుడతానని చెప్పింది. అయితే నీ కోసం మనుషులు వస్తుంటారన్నమాట అంటుంటే ఆయన ముఖం విప్పారింది. నీళ్లు ఎప్పుడొస్తాయో, చెత్త ఎక్కడ వేయాలో పిన్ని చెప్పుకోవలసి వచ్చింది. బాబాయి అప్పటికే టైలరమ్మను గేటు బయటికి నడిపించేశాడు.

సామాను దిగీ దిగగానే ఆమె గది గోడకి కూడా ఒక పెట్టె తగిలించాడు. వద్దంటే వినలేదు. పైకి వెళ్లాలన్నా, కింద తలుపు దగ్గరికి రావాలన్నా ఆ ముందు మెట్టే గతి. అందుకని ఆమెకి పాఠం చెప్పాడు.

"చూడమ్మా, దీని ప్రత్యేకత ఏమిటంటే, పిచ్చుక కూసిందంటే గేటు దాటారని. టింగ్ టాంగ్ అందంటే మెట్టెక్కారని. ఈ రెండింటి మధ్యా నువ్వు నేల మీద గుడ్డముక్కలు ఊడ్చేసుకోవచ్చు."

టైలరమ్మకి ఈ గోలంతా మొదట్లో నవ్వులాటగానే ఉండేది. పోను పోను పిచ్చుక కూసినప్పుడల్లా గుండె ఝల్లుమనడం మొదలైంది. దానికి కారణం ఆమె అక్క.

అమ్మ పోయాక అక్కాచెల్లెళ్లిద్దరూ బజారులో కుట్టుషాపు పెట్టుకుని, దాని వెనక గదుల్లోనే ఉండేవారు. అక్క కత్తిరించేది, చెల్లెలు కుట్టేది. ఒకసారి హెడ్‌మిస్ట్రెస్‌గారు పిట్టల బొమ్మలున్న ఖరీదైన గుడ్డ తెచ్చి పొడుగు కోటు కుట్టమన్నారు. కుట్టారు. ఆవిడ తొడుక్కుని అద్దం ముందు నిలబడితే ముందువైపు పిట్టలన్నీ బుద్ధిగా కొమ్మల మీద కూర్చునున్నాయి. వెనక్కి తిరిగితే వీపు మీద పిట్టలన్నీ గబ్బిలాల్లా తలకిందులుగా వేలాడుతున్నాయి. గుడ్డ మడతపెట్టేటప్పుడు పిట్ట తల ఎటుందో, తోక ఎటుందో ఎవరూ చూసుకోలేదు. చూసుకోనిది నువ్వంటే నువ్వని మొదలుపెట్టారు. సుద్దతో గీత గీసింది నువ్వేనని చెల్లెలు, మడతపెట్టి ఇచ్చింది నువ్వేనని అక్క. మాటకి మాట పెరిగి, పిట్టల దగ్గర్నుంచి అమ్మకి ఎవరు ఎక్కువ సేవ చేశారన్న దాకా వెళ్లింది. నా గుమ్మం తొక్కవద్దని అక్క అంది. నా గుమ్మం నువ్వూ తొక్కవద్దని చెల్లెలు అంది. అప్పటికి చెల్లెలికి వేరే గుమ్మమంటూ లేదు. అందుకే అద్దె ఇల్లు వెతుక్కోవలసి వచ్చింది.

నోరు ఆ మాట అనేసింది గానీ మనసు అనలేదు. పిచ్చుక కూస్తే చాలు, మిషను మీద కాలు ఆగిపోయేది. టింగ్ టాంగ్ అనగానే లేచి నిలబడేది. తీరా చూస్తే చొక్కా బొత్తాం ఊడినవాళ్లో, పాంటు బిగుతైనవాళ్లో వచ్చేవారు. మరి తనే వెళ్లవచ్చు కదా అంటారేమో. వెళ్లవచ్చు. పెద్దది అక్క, ముందు రావలసింది అక్క అని ఈమె పట్టు. అక్క లేకుండా అన్నం సయించక సగం కంచంలోనే వదిలేసేది గానీ, ఆ పట్టు మాత్రం వదిలేది కాదు.

ఇదిలా ఉండగా టైలరమ్మ ఒక విచిత్రం గమనించింది. అప్పుడప్పుడు పిచ్చుక కూసేది గానీ టింగ్ టాంగ్ అనేది కాదు. అంటే ఎవరో గేటు దాటి మెట్టెక్కకుండా వెనక్కి తిరిగారన్నమాట. అప్పుడు చూడాలి బాబాయి అవతారం. సగం గడ్డం గీసుకుని, మిగతా సగానికి నురగతో, ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి పిన్ని చెప్పు తొడుక్కుని వీధిన పడి పరిగెత్తేవాడు. ఒకసారి చేతిలో చెంచాతో వెళ్లాడు. ఇంకోసారి బనీనుతో వెళుతుంటే పిన్ని చొక్కా పట్టుకుని వెనకాల పరిగెత్తింది. ఏమిటిదని పిన్నిని అడిగితే, డాక్టరు నడవమన్నాడు, ఈయన పరిగెత్తుతున్నాడు అని మాట దాటేసింది.

దానికి తోడు బాబాయి ఒక కొత్త జబ్బు తెచ్చుకున్నాడు. కనబడినప్పుడల్లా, నీకు తోబుట్టువులు ఎవరైనా ఉన్నారా అమ్మా అని అడిగేవాడు. లేరని ఈమె చెప్పేది. లేరా అని ఆయన ముఖం వేలాడేసేవాడు. మర్నాడు బ్యాటరీ మారుస్తానని వచ్చి, కుర్చీ ఎక్కి, నిజంగా లేరా అని మళ్లీ అడిగేవాడు. పుండు మీద కారం చల్లినట్టుండేది ఆమెకి.

ఒకరోజు కిటికీలోంచి చూస్తే వీధి మలుపులో బాబాయి కనిపించాడు. గొడుగు వేసుకున్న ఒకావిడకి అడ్డంగా నిలబడి చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. గొడుగు వల్ల ఆవిడ ముఖం కనబడలేదు. ఆవిడ తప్పుకుని దాదాపు పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. బాబాయి వెంటపడి, కాలువ మీద పరిచిన బండల మధ్య కాలు మడతపడి, కుంటుకుంటూ ఇంటికొచ్చాడు.

టైలరమ్మకి అంతా అర్థమైపోయింది. అంటే, అర్థమైపోయిందని అనుకుంది. ఈ మధ్య పని తగ్గడానికి కారణం ఇదన్నమాట. తన కోసం వచ్చేవాళ్లని ఈ మహానుభావుడు గేటు దగ్గరే పట్టుకుని పిచ్చుక పురాణం విప్పుతుంటే, వాళ్లు బతుకు జీవుడా అని పారిపోతున్నారు. ఇక తాడో పేడో తేల్చుకోవాలని మర్నాడు కిందికి దిగింది. మెడలో టేపు తీయడం కూడా మర్చిపోయింది.

బాబాయి హాల్లో పడక్కుర్చీలో ఉన్నాడు. కట్టు కట్టిన కాలు స్టూలు మీద ఉంది. పిన్ని పక్కన కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది.

"బాబాయిగారూ, నెలాఖరుకి నేను ఇల్లు ఖాళీ చేస్తాను."

"అదేమిటమ్మా? నీళ్లు సరిగ్గా రావడం లేదా?"

"నీళ్లు వస్తున్నాయి. మనుషులే రావడం లేదు. వచ్చేవాళ్లని మీరు గేటు దగ్గర్నుంచే తరిమేస్తుంటే నేనెలా బతకాలి?"

బాబాయి నోరు తెరిచాడు. ఏ ప్రత్యేకతా చెప్పకుండా ఆ నోరు మూతపడటం పిన్ని అదే మొదటిసారి చూడటం. తరమడమా అని ఆవిడ ఏదో అనబోయింది. భర్త కళ్లతోనే వారించాడు. ఆవిడ చిక్కుడుకాయ చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే పిచ్చుక కూసింది.

ముగ్గురూ టింగ్ టాంగ్ కోసం చూశారు. అది రాలేదు. బాబాయి ముఖంలో రంగులు మారాయి. లేవబోయి, కట్టు కాలు నేలకి ఆనగానే అబ్బా అని మళ్లీ కుర్చీలో పడ్డాడు.

"అమ్మా, నువ్వు పరిగెత్తు," అన్నాడు.

"ఎవరి కోసం?"

"ఎవరైతేనేం? వెనక్కి పోతున్నారు. వెళ్లు, నన్ను తీరిగ్గా తర్వాత తిడుదువుగాని."

"ఎవరో ఇల్లు తప్పి వచ్చుంటారు బాబాయిగారూ."

"ఇల్లు తప్పినవాళ్లు తలుపు బాది మరీ అడుగుతారమ్మా. అవసరం లేనివాళ్లు ఇంకా గట్టిగా బాదుతారు. నేను ఎన్ని గుమ్మాల ముందు నిలబడ్డానో నాకు తెలుసు. గేటు దాకా వచ్చి ధైర్యం చాలక తిరిగిపోతారు చూడు, వాళ్లకే అవసరమంతా. ఈ పెట్టెలన్నీ వాళ్ల కోసమే పెట్టాను. వెళ్లమ్మా, మలుపు తిరిగితే దొరకరు."

ఆ గొంతులో ఏముందో గానీ టైలరమ్మ కాళ్లు ఆమెను అడక్కుండానే కదిలాయి. గేటు దాటి చూస్తే, దూరంగా నిన్నటి గొడుగే. ఆగండి అని కేక వేసింది. గొడుగు ఆగింది కానీ వెనక్కి తిరగలేదు. ఈమె దగ్గరికి వెళ్లి చూసేసరికి గొడుగు కింద అక్క ఉంది. ఒక చేతిలో నొప్పుల తైలం సీసా, కళ్ల నిండా నీళ్లు.

"ఆ పెద్దాయన కాలు ఎలా ఉందో కనుక్కుందామని వచ్చాను," అంది అక్క. "నీ కోసం కాదు."

"మరి కనుక్కోకుండానే వెళ్లిపోతున్నావేం?"

అక్క కాసేపు సీసా మూత తిప్పింది. ఆ తర్వాత ఒక్కొక్కటే బయటపడింది. అక్క రావడం ఇది మొదటిసారి కాదు. ఎన్నోసార్లు వచ్చింది. గేటు దాటేది, మెట్టు చూసేసరికి తను అన్న మాట గుర్తొచ్చి వెనక్కి తిరిగేది. మొదటిసారి తిరిగినప్పుడే, ముఖం నిండా సబ్బు నురగతో ఒక ముసలాయన పరిగెత్తుకొచ్చి, ఏ వాటాకి వచ్చావమ్మా అని రొప్పుతూ అడిగాడు. పిచ్చివాడనుకుని భయపడింది. ఆ మలుపులోనే నిలబడి ఆయనకి కథంతా చెప్పి ఏడ్చింది కూడా.

"నీతో చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నాను. ఆయన కూడా చెప్పనన్నాడు. చెబితే నువ్వు దిగొస్తావట, అప్పుడది నా రాక అవదట. గేటు దాటావు కదా, ఇంక ఒక్క మెట్టే ఉందని వచ్చినప్పుడల్లా వెంటపడి చెప్పేవాడు. నిన్న ఆయన్ని తప్పించుకుని గబగబా వెళ్లిపోయాను, నా వెనకాలే వస్తూ కాలు మడతేసుకున్నాడు. ఇలాగే ఉంటే నా మూలాన ఆయన రేపు మెడ విరగ్గొట్టుకుంటాడని భయమేసింది. ఇవాళ ఎలాగైనా ఎక్కేద్దామనే వచ్చానే. కాళ్లు రాలేదు."

టైలరమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన్ని తను అన్న మాటలు తలుచుకుంటే మాత్రం ఏడుపే వచ్చింది. అక్క చెయ్యి పట్టుకుని గేటు దాకా లాక్కొచ్చింది. అక్కడ అక్క ఆగింది. ఆ పిట్టల గీత గీసింది నేనేనే అని ఒప్పుకుంది. కాదు, గీత ఎవరిదైనా మడతపెట్టింది నేను అని చెల్లెలు. మడత సరిగ్గానే ఉంది, గీతే తప్పని అక్క. మడతే తప్పని చెల్లెలు. తప్పు నాదంటే నాదని గేటు మధ్యలో నిలబడి ఇద్దరూ మళ్లీ పోట్లాటకి దిగారు. వాళ్లు చేతులు ఊపినప్పుడల్లా పిచ్చుక కూస్తోంది. ఆ కూతకి పక్కింటి పిల్లి పరిగెత్తుకొచ్చింది. పిన్ని గుమ్మంలోకి వచ్చి, అమ్మా, గేటు బయటైనా పోట్లాడుకోండి, లోపలైనా పోట్లాడుకోండి, ఆ పెట్టె ముందు మాత్రం వద్దు, ఈ కూతలకి నా గుండె ఆగిపోయేలా ఉంది అని బతిమాలుకుంది.

ఆ తర్వాత టింగ్ టాంగ్ అంది. లోపల కుర్చీలో బాబాయి కళ్లు తుడుచుకుంటూ, పిన్ని చూడలేదనుకున్నాడు.

టీ తాగుతూ పిన్ని మిగతా కథ చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో బాబాయి ఒక ఇంటి ముందు కుక్కరు పట్టుకుని చాలాసేపు నిలబడి, తలుపు కొట్టే ధైర్యం లేక వెనుదిరిగాడట. ఆ ఇంటావిడ కిటికీలోంచి చూసి, తానే తలుపు తీసి, ఎండన పడి వచ్చావు, కూర్చో బాబూ అందట. ఆవిడ పిన్ని వాళ్ల అమ్మ.

"మా అమ్మ ఆ పూట తలుపు తీయకుండా ఉండుంటే," అంది పిన్ని, "నాకీ రైలు కూతలు తప్పేవి."

నెలాఖరుకి టైలరమ్మ ఇల్లు ఖాళీ చేసింది, కోపంతో కాదు, అక్క దగ్గరికి వెళ్లిపోవడానికి. సామాను బండి ఎక్కించేటప్పుడు బాబాయి హడావుడి అంతా ఇంతా కాదు. తాళ్లు తనే కట్టాడు, ముడులు తనే విప్పి మళ్లీ కట్టాడు. వద్దన్నా వినకుండా బజారు దాకా వచ్చి, షాపు తలుపు పక్కన ఒక పెట్టె బిగించి, దానికి కోడి కూత పెట్టి, అక్కాచెల్లెళ్లిద్దరినీ బయటికి పంపి లోపలికి రమ్మన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకి, షాపులో పని జోరుగా ఉన్న ఒక పొద్దున, కోడి కూసింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. గాలికి ఏదో ఊగి ఉంటుందని అక్క అంటూనే ఉంది, చెల్లెలు మిషను వదిలి బయటికి పరిగెత్తింది. బాబాయి చంకలో పొట్లం పెట్టుకుని, కుంటికాలితో కూడా దొరక్కుండా పోవాలన్నంత వేగంగా వెళ్లిపోతున్నాడు.

"బాబాయిగారూ, ఆగండి."

"ఏం లేదమ్మా, ఇటుగా వెళుతూ ఊరికే..." అన్నాడాయన, దొరికిపోయిన దొంగలా. "చొక్కా జేబు ఊడింది. మీకు పని ఎక్కువున్నట్టుందని..."

జేబు కుట్టడానికి పిన్ని చేతికి రెండు నిమిషాలు పట్టదని టైలరమ్మకి తెలుసు. పైవాటాలో ఎవరైనా దిగారా అని అడిగింది. చూడటానికి వస్తున్నారమ్మా, గంటలు విని వెళ్లిపోతున్నారు అన్నాడు నవ్వుతూ. ఈ మనిషి కోసం తను ఎంత బెంగపెట్టుకుందో ఆ నవ్వు చూశాక గానీ ఆమెకి తెలియలేదు. ఆయన మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, కొలతలిచ్చేవాళ్లు కూర్చునే స్టూలు మీద కూర్చోబెట్టింది.

అక్క పొట్లం విప్పి చొక్కా వెలుతురులోకి పట్టి చూసింది. ఆమె కత్తిరింపుల మనిషి, ఆమె కళ్లను మోసం చేయడం కష్టం.

"ఇది ఊడిన జేబు కాదే," అని చెల్లెలి చెవిలో గొణిగింది. "కుట్టు కుట్టూ బ్లేడుతో ఒబ్బిడిగా విప్పారు."

చెల్లెలు నోటి మీద వేలు పెట్టింది. అక్క తల ఊపి, ఏమీ ఎరగనట్టు, ఈ ఒక్క చొక్కాయేనా బాబాయిగారూ అని అడిగింది.

"ప్రస్తుతానికి ఒక్కటేనమ్మా," అన్నాడు బాబాయి, టీ గ్లాసు అందుకుంటూ. "రెండోది వచ్చే వారం తెస్తాను."